బోన్ ఆష్ డైరీ: పేరు లేని నాలుగు మూటల నుంచి ఎర్ర గ్లేజ్ దాకా

జూన్ 11

రాజమండ్రిలో తెలిసినవాళ్ళు పాటరీ స్టూడియో ఎత్తేస్తుంటే వాళ్ళ సామాను నేను కొన్నాను, షెల్ఫులు, జల్లెళ్ళు, ఒక పాత ఎలక్ట్రిక్ సారె, వాటితోపాటు ముడి సరుకుల మూటలు కూడా. వాటిలో నాలుగు మూటలకి లేబుల్ లేదు. ఎప్పుడో వానకి తడిసి కాగితాలు ఊడిపోయాయంట. నాలుగూ తెల్ల పొడులే. ఒకదాని మీద మాత్రం మార్కర్‌తో "బోన్" అని ఉంది, ఆ తర్వాత అక్షరాలు చెరిగిపోయాయి.

ఆ "బోన్" చూసే నేను మూటలన్నీ తెచ్చుకున్నాను. రెండేళ్ళుగా నాకు ఒక ఎర్ర గ్లేజ్, అంటే కుండ మీద కరిగి గాజులా మారే పూత, కావాలి, ఎండుమిరపకాయ రంగులో, కొంచెం మెరుస్తూ, అంచుల దగ్గర నల్లగా మారేది. జపాన్ వాళ్ళు కాకి అంటారు, అది అక్కడి ఒక పండు పేరు. దాంట్లో ఖరీదైన రంగు ఏమీ ఉండదు, మన గడపలకి రాసే జాజులో ఉండేదే, ఐరన్ ఆక్సైడ్. కానీ మామూలు గ్లేజ్‌లో 10 శాతం ఐరన్ వేస్తే ముదురు గోధుమ, నలుపు వస్తాయి, ఎరుపు రాదు. ఎరుపు రావాలంటే ఫాస్ఫరస్ కావాలి, దాన్ని గ్లేజ్‌లోకి తెచ్చే పాత దారి బోన్ ఆష్.

బోన్ ఆష్ అంటే ఎముకని పూర్తిగా కాలిస్తే మిగిలే తెల్ల భస్మం. సుమారు 54 శాతం కాల్షియం ఆక్సైడ్, 40 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. ఇంగ్లండ్‌లో బౌ అనే చోట 1740ల్లోనే పింగాణీ మట్టిలో కలిపేవారు, తర్వాత స్పోడ్ అనే కంపెనీ వాళ్ళ చేతిలో అది బోన్ చైనా అయింది, అందులో మట్టి మిశ్రమంలో సగం దాకా ఎముకల భస్మమే. నాకు కావాల్సింది అది కాదు, మట్టిలోకి కాదు గ్లేజ్‌లోకి, అందులోనూ నూటికి పది పదిహేను పాళ్ళు.

కాబట్టి ముందు పని, ఆ నాలుగు మూటల్లో ఏముందో తేల్చుకోవడం. ఊహించి వాడను. తెల్ల పొడి తెల్ల పొడే కదా అని ఒకసారి సిలికా బదులు ఇంకేదో వేసి ఒక షెల్ఫు మొత్తం పోగొట్టుకున్న మనిషిని.

జూన్ 13

వెనిగర్ పరీక్ష. నాలుగు గాజు గ్లాసుల్లో ఒక్కో చెంచా పొడి వేసి వెనిగర్ పోశాను.

ఒకటో మూట బుస్సుమని పొంగింది, సోడా కలిపినట్టు. అది కాల్షియం కార్బనేట్, అంటే వైటింగ్, దాదాపు ఖాయం. రెండోది, మార్కర్ రాత ఉన్నది, ఏమీ అవలేదు, కానీ తడవగానే ఒక వాసన వచ్చింది, పశువుల కొట్టంలో వచ్చే వాసనకి దగ్గరగా. మూడోది నిశ్శబ్దం. చేత్తో తడిపి చూస్తే జారుడుగా, మెత్తగా ఉంది. నాలుగోది కొంచెం బూడిద రంగు కలిసిన తెలుపు, వేలి మధ్య నలిపితే కాస్త గరుకు, గ్లాసు గోడకి మూడు నాలుగు చిన్న బుడగలు పట్టుకున్నాయి అంతే.

రెండో మూట గురించి నా సంతోషం ఆ వాసనతో సగం తగ్గిపోయింది.

జూన్ 16

ఈ పరీక్ష అందరికీ గట్టిగా చెప్తాను, ఎందుకంటే దీనికి కావాల్సింది ఒక వంటింటి డిజిటల్ త్రాసు, బిస్క్ ఫైరింగ్ (గ్లేజ్ వేయకముందు కుండల్ని కాల్చే మొదటి కాల్పు) మాత్రమే. ఒక్కో పొడిని ముందు ఎండలో, తర్వాత ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, సరిగ్గా 20 గ్రాములు చిన్న బిస్క్ గిన్నెల్లో తూచి, గిన్నె అడుగున నంబర్ గీకి, మామూలు బిస్క్‌తో పాటు 1000 డిగ్రీలకి కాల్చాను. చల్లారాక మళ్ళీ తూచాను. నిప్పులో ఎంత బరువు పోయిందో చూస్తే అది ఏ పదార్థమో సగం తెలిసిపోతుంది.

ఒకటోది 11.2 గ్రాములు మిగిలింది. 44 శాతం పోయింది, వైటింగ్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ పోతే సరిగ్గా అంతే పోతుంది. మిగిలిన పొడి మీద రెండు చుక్కలు నీళ్ళు వేస్తే సుర్రుమని వేడెక్కింది, కాల్చిన సున్నం కదా మరి.

మూడోది 17.2. 14 శాతం. చైనా క్లే, పింగాణీకి వాడే తెల్ల మట్టి.

రెండోది 14.1కి పడింది. గిన్నె పైన తెల్లగా ఉంది కానీ చెంచాతో తవ్వితే అడుగున బొగ్గు రంగు. ఫైరింగ్ మొదట్లో 300, 400 డిగ్రీల దగ్గర షెడ్డు అంతా వెంట్రుకలు కాలిన కంపు. ఇది బోన్ ఆష్ కాదు, బోన్ మీల్, గులాబీ మొక్కలకి వేసే ఎరువు. పాత ఓనర్ గారికి మొక్కలంటే ఇష్టమని అప్పుడు గుర్తొచ్చింది.

నాలుగోది 19.7. దాదాపు ఏమీ పోలేదు! అంటే ఇది ముందే కాలిన సరుకు, లేదా కాలినా బరువు పోని రాయి, ఫెల్డ్‌స్పార్‌గానీ సిలికాగానీ. ఫెల్డ్‌స్పార్ అయితే 1220కి కరిగి గాజు ముద్ద అవుతుంది కాబట్టి తర్వాతి గ్లేజ్ ఫైరింగ్‌లో ఒక చిటికెడు పెట్టాను. ఉలుకూ పలుకూ లేకుండా అలాగే పొడిగా బయటికొచ్చింది. ఇక మిగిలింది సిలికానా ఎముకా అనేదే.

ఒక మాట. బోన్ మీల్ కూడా ఎముకే కదా, గ్లేజ్‌లో వేసి కాలిస్తే చివరికి బోన్ ఆషే అవుతుంది కదా అని చాలామంది అంటారు. వద్దు. అందులో ఇంకా జిగురు, కొవ్వు ఉంటాయి, తడి గ్లేజ్ బకెట్‌లో వారంలో కుళ్ళిపోతుంది, కాలేటప్పుడు గ్యాస్ వదిలి గ్లేజ్ నిండా పుండ్లు చేస్తుంది, పైగా మూడో వంతు బరువు పొగై పోతుంది గనక మీ లెక్కలన్నీ తప్పుతాయి.

జూన్ 20

మా వీధి చివర రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు ఉన్నారు, ఇప్పటికీ ఇంటర్ పిల్లలకి సాల్ట్ అనాలిసిస్ నేర్పిస్తారు. నాలుగో పొడి పట్టుకెళ్ళాను.

"ఏంటమ్మాయ్ ఇది, విబూదా?" అన్నారు మూత తీసి.

"అదే మాస్టారూ, మీరే చెప్పాలి. ఫాస్ఫేట్ ఉందో లేదో చూడాలి."

చిటికెడు పొడి టెస్ట్ ట్యూబ్‌లో వేసి పలచటి నైట్రిక్ యాసిడ్ పోసి వేడి చేశారు. మొత్తం కరిగిపోయింది, అడుగున నలుసు కూడా లేదు. సిలికా అయితే అలా కరగదు, అక్కడే నా గుండె కొట్టుకోవడం మొదలైంది. తర్వాత అమ్మోనియం మాలిబ్డేట్ పోసి మళ్ళీ కొంచెం వెచ్చ చేశారు. మొదట నీళ్ళలాగే ఉంది. తర్వాత ట్యూబ్ మధ్యలో ఎక్కడో పసుపు మబ్బు పుట్టింది, అది చిక్కబడుతూ కిందికి దిగి, పసుపు ముద్దలా అడుగున కూర్చుంది. ఇంటర్ రికార్డులో కెనరీ ఎల్లో ప్రెసిపిటేట్ అని ఎన్నిసార్లు రాశానో, దాన్ని కావాలని కోరుకుంటూ చూడటం ఇదే మొదటిసారి.

"ఫాస్ఫేట్. అనుమానం అక్కర్లేదు," అన్నారు మాస్టారు. బోన్ మీల్‌కి కూడా ఇదే పసుపు వస్తుందని, కాబట్టి ఈ ఒక్క పరీక్ష చాలదు, నువ్వు తూచి చూడటమే మంచి పని అయిందని కూడా అన్నారు. ఈ యాసిడ్ పనులు ఇంట్లో చేయకండి, తెలిసినవాళ్ళ దగ్గర చేయించుకోండి.

నాలుగో మూట అసలైన బోన్ ఆష్. కానీ ఉన్నది కిలోన్నర మాత్రమే.

జూలై 2

బేస్ రెసిపీ ఇది, కోన్ 6 అనే వేడి మట్టానికి, అంటే నా ఎలక్ట్రిక్ కిల్న్‌లో (బట్టీలో) 1220 డిగ్రీలు: పొటాష్ ఫెల్డ్‌స్పార్ 42, సిలికా 14, బోరాక్స్ ఫ్రిట్ (ముందే కరిగించి పొడి చేసిన గాజు) 14, టాల్క్ 12, చైనా క్లే 5. మొత్తం 87. దీని పైన రెడ్ ఐరన్ ఆక్సైడ్ 11. ఇక బోన్ ఆష్ 0, 5, 9, 13, 18, 24 చొప్పున ఆరు పరీక్ష టైల్స్ (చిన్న మట్టి బిళ్ళలు). టాల్క్ తీసేయొద్దు, అందులోని మెగ్నీషియం కూడా ఈ ఎరుపుకి సాయం చేస్తుంది. బాడీ, అంటే టైల్ మట్టి, నేను ద్వారకా తిరుమల బాల్ క్లే కలిపి చేసుకునే స్టోన్‌వేర్.

కలిపేటప్పుడే ఒక సంగతి తెలిసింది. పొడి బోన్ ఆష్‌ని నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది, మిక్సర్ ఎంత తిప్పినా ఆ ఉండలు దాక్కునే ఉంటాయి. రాత్రంతా నానబెట్టి పొద్దున 80 మెష్ జల్లెడలో రెండుసార్లు వడకడితేనే సరిగ్గా దిగింది.

జూలై 5

ఫైరింగ్ 1220కి చేరింది, చల్లారడం మొదలైంది, స్లో కూలింగ్ ప్రోగ్రామ్ పెట్టాను, 1100 దగ్గర కరెంటు పోయింది. మూడు గంటలు రాలేదు. నాది చిన్న కిల్న్, పలచటి ఇటుకలు, గబగబా చల్లారిపోయింది.

తెరిస్తే ఆరు టైల్సూ గోధుమ, నలుపు. 0 అయితే నిగనిగలాడే నలుపు. 13లో కొంచెం మబ్బుగా, ఎరుపు ఉందా లేదా అన్నట్టు. 24 పొడిబారి, అంచుల్లో గ్లేజ్ ముడుచుకుపోయి మట్టి కనపడుతోంది.

ఇన్ని పరీక్షలు చేశాక కూడా సరుకు మీద అనుమానం వచ్చింది. కానీ రాత్రి పడుకున్నాక ఇంకో ఆలోచన తట్టింది. ఈ ఎరుపు కరిగినప్పుడు పుట్టదు, చల్లారేటప్పుడు పుడుతుంది. కరిగిన గ్లేజ్‌లో ఫాస్ఫరస్ ఉంటే ఆ ద్రవం రెండు రకాలుగా విడిపోతుంది, చారులో నూనె బొట్లు తేలినట్టు ఐరన్ ఎక్కువ ఉన్న చిన్న బొట్లు పైకి చేరతాయి, నెమ్మదిగా చల్లారితే అవి హెమటైట్ (ఎర్ర ఐరన్ ఆక్సైడ్) స్ఫటికాలు అవుతాయి, ఆ స్ఫటికాల రంగే మనం చూసే ఎరుపు. గబగబా చల్లారితే వాటికి పుట్టడానికి టైమ్ ఉండదు, గాజులోనే ఇరుక్కుపోతాయి.

జూలై 9

13 నంబర్ టైల్‌ని సుత్తితో రెండు ముక్కలు చేసి, ఒక ముక్క దాచుకుని, రెండోది బిస్క్ ఫైరింగ్‌లో ఒక మూల పెట్టాను.

ఇవాళ రెండు ముక్కల్నీ పక్కపక్కన కిటికీ దగ్గర పెట్టి చూస్తున్నాను. విరిగిన అంచు అచ్చంగా కలుస్తోంది. ఎడమ ముక్క కాఫీ డికాషన్ రంగు. కుడి ముక్క మీద గీతలు గీసిన చోట, గ్లేజ్ మందంగా నిలిచిన చోట ఇటుక ఎరుపు పాకింది, లెన్స్‌తో చూస్తే సన్నటి ఎర్ర నలుసులు ఒకదాని పక్కన ఒకటి, పోపులో పగిలిన ఆవాల్లాగా. ఒకే టైలు, ఒకే గ్లేజ్. తేడా అంతా వేడిలో ఇంకోసారి ఎంతసేపు ఉందనేదే.

సరుకు మంచిదే!

జూలై 15

ఈసారి ఇన్వర్టర్ వాళ్ళని అడిగి లాభం లేదు, అంత లోడ్ ఏ ఇన్వర్టరూ మోయదు, అందుకే అర్ధరాత్రి ఫైరింగ్ మొదలుపెట్టాను, ఆ టైమ్‌లో మా వైపు కరెంటు కుదురుగా ఉంటుంది. 1220, 10 నిమిషాలు హోల్డ్, అక్కడినుంచి 950 దాకా దానంతటది పడనిచ్చి, 950 నుంచి 800 దాకా గంటకి 50 డిగ్రీల చొప్పున దించాను.

0 నలుపు. 5 గోధుమ, దాని మీద తుప్పు మచ్చలు. 9 పర్లేదు, ఎరుపు వస్తోంది కానీ దాని వెనక గోధుమ కనపడుతోంది. 13, అదే. రెండేళ్ళ నుంచి నా తలలో ఉన్న రంగు అదే. గీతల అంచుల్లో నల్లగా మారి, మిగతాదంతా ఎండుమిరపకాయ. 18 ఇంకా ఎర్రగా ఉంది కానీ మెరుపు పోయి ఇటుకలా, చేత్తో తాకితే కాస్త గరుకు. 24 మళ్ళీ ముడుచుకుపోయింది, బొబ్బలు కూడా.

ఇక 13 దగ్గరే ఆగిపోతాను.

మందం గురించి కూడా చెప్పాలి. టైల్‌ని ఒకసారి ముంచిన భాగం గోధుమ, రెండుసార్లు ముంచిన భాగం ఎరుపు. పలచగా వేసి ఎరుపు రాలేదని బోన్ ఆష్‌ని తిట్టుకోకండి.

జూలై 22

5 కిలోల బకెట్ కలిపాను. మర్నాటికి ఇడ్లీ పిండిలా బిగుసుకుపోయింది. గరిటె నిలబడుతోంది.

బోన్ ఆష్‌లోంచి కొంచెం కాల్షియం నీళ్ళలోకి దిగుతుంది, దాంతో మట్టి రేణువులు ఒకదానికొకటి పట్టుకుంటాయి. చెయ్యి వెంటనే నీళ్ళ చెంబు వైపు పోతుంది, ఆపుకోండి. నీళ్ళు ఎక్కువ పోస్తే జారుగా కనిపిస్తుంది కానీ కుండ మీద ఆరేటప్పుడు పగుళ్ళు, కాలాక ముడుచుకుపోవడం. నేను స్లిప్ కాస్టింగ్‌కి (జారు మట్టిని అచ్చుల్లో పోసే పనికి) వాడే సోడియం సిలికేట్‌ని నీళ్ళలో పలచన చేసి చుక్కచుక్కగా వేశాను, ఏడు చుక్కలకి అట్టు పిండిలా సాగింది. ఎనిమిదోది వేయలేదు, ఎక్కువైతే గ్లేజ్ అడుగున రాయిలా పేరుకుంటుంది.

ఆగస్టు 4

కిలోన్నర అయిపోవస్తోంది. రెండు దారులు పక్కపక్కన మొదలుపెట్టాను.

మొదటిది సొంతంగా కాల్చుకోవడం. మటన్ కొట్టు అన్నని అడిగితే "ఎముకలు సూప్‌కా అక్కా?" అన్నాడు, బట్టీలో కాల్చడానికి అంటే ఒక నిమిషం నా మొహం చూసి, రెండు సంచులు ఊరికే ఇచ్చాడు. పెద్ద డేగిసాలో రోజంతా ఉడకబెట్టి, మాంసం, కొవ్వు, మూలగ అంతా తీసేసి, నాలుగు రోజులు ఎండబెట్టాను. ఎండాక 2.4 కిలోలు. పీఫోల్ (బట్టీలోకి చూసే రంధ్రం) మూతలన్నీ తీసి, షెడ్డు తలుపులు బార్లా తెరిచి, పక్కింటివాళ్ళకి ముందే చెప్పి కాల్చాను.

మొదటిసారి 700 దగ్గర ఆపేశాను, పొరపాటు. పైకి నీలం కలిసిన బూడిద రంగు, విరిస్తే లోపల నల్లటి గుండె. ఆ నలుపు కార్బన్, ఇంకా కాలలేదన్న గుర్తు. మళ్ళీ 1000కి తీసుకెళ్ళి గంట హోల్డ్ చేశాను. ఈసారి లోపలా బయటా సుద్దముక్క తెలుపు. తొడ ఎముకని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే కటుక్కుమని అప్పడంలా విరిగింది. రోట్లో దంచి, వేడినీళ్ళతో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, 80 మెష్ పట్టాను. కిలోన్నరకి 20 గ్రాములు తక్కువ వచ్చింది. దంచేటప్పుడు మంచి మాస్క్ పెట్టుకోండి, ఆ దుమ్ము చాలా సన్నం.

రెండోది డీసీపీ. మా గోదావరి జిల్లాల్లో కోళ్ళ ఫారాలకి లోటు లేదు, దాణా కొట్లలో డైకాల్షియం ఫాస్ఫేట్ మూటలు మూటలుగా ఉంటుంది. కానీ ఇది బోన్ ఆష్‌కి సమానం కాదు. నేను తెచ్చినదాన్ని అదే 20 గ్రాముల పరీక్ష చేస్తే 14.8 మిగిలింది, 26 శాతం పోయింది, అంటే నీళ్ళున్న రకం, డైహైడ్రేట్. నీళ్ళు లేని రకమైతే 7 శాతం కూడా పోదు. ఈ డైహైడ్రేట్‌లో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ దాదాపు బోన్ ఆష్‌లో ఉన్నంతే, 41 శాతం, కానీ కాల్షియం ఆక్సైడ్ 33 శాతమే. కాబట్టి 13 బోన్ ఆష్ బదులు 13 డీసీపీ వేసి, తగ్గిన కాల్షియం కోసం 5 వైటింగ్ కలపాలి. ఆ ఒకటో మూట ఇలా పనికొచ్చింది.

ఆగస్టు 19

మూడు టైల్స్ వచ్చాయి, పాత మూట బోన్ ఆష్, నేను కాల్చింది, డీసీపీ ప్లస్ వైటింగ్. మొదటి రెంటికీ తేడా చెప్పలేను. డీసీపీ టైల్‌లో ఎరుపు వచ్చింది, రంగు సరే, కానీ సూదిమొన రంధ్రాలు కొన్ని, కాలేటప్పుడు పోయే నీళ్ళ వల్లేనేమో. డీసీపీని ముందే బిస్క్‌లో కాల్చేసి, పోయిన బరువు లెక్కలో తగ్గించుకుని, 9.6 చొప్పున వాడితే తర్వాతి టైల్‌లో రంధ్రాలు పోయాయి.

మిగిలిన చిటికెడు బోన్ ఆష్‌ని నా మామూలు ట్రాన్స్‌పరెంట్ గ్లేజ్‌లో 3 శాతం వేసి నల్ల స్లిప్ (జారు మట్టి పూత) మీద చూశాను. పాలు కలిపిన నీలం! ఏ నీలం రంగూ వేయలేదు. గ్లేజ్‌లో విడిపోయిన సన్నటి బొట్లు వెలుగుని చెదరగొడితే వచ్చే నీలం ఇది, నీళ్ళలో ఒక పాల చుక్క వేసి నల్లగుడ్డ మీద పెడితే కనపడేదే. చైనాలో సాంగ్ కాలం జున్ పాత్రల నీలం కూడా ఇలాంటి బొట్ల వల్లే. దీనికి వేరే డైరీ కావాలి, ఇప్పుడు కాదు.

సెప్టెంబర్ 3

12 టీ కప్పులు, 4 గిన్నెలు. రెండు కప్పుల్లో కాడ అతికించిన మూల దగ్గర గ్లేజ్ ముడుచుకుంది, అక్కడ బిస్క్ మీద దుమ్ము తుడవలేదు. మిగతావి బాగున్నాయి.

అమ్మేముందు ఒక గిన్నెలో చిక్కటి చింతపండు పులుసు పోసి రెండు రోజులు ఉంచాను, ఇంకోదాంట్లో నిమ్మచెక్క బోర్లించాను. కడిగి ఆరబెట్టి వెలుగులో వంచి చూస్తే మచ్చ లేదు, మెరుపు తగ్గలేదు. 18 నంబర్ టైల్ మీద అదే నిమ్మచెక్క తెల్లటి గుండ్రటి మరక వదిలింది, అందుకే అది ఎంత ఎర్రగా ఉన్నా తినే పాత్రలకి వాడను.

అత్తయ్య కప్పు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి "రంగు భలే కుదిరిందే. ఎముకలు వేశావని కొనేవాళ్ళకి చెప్తావా?" అని అడిగారు.

చెప్తాను. మా దగ్గర కొనేవాళ్ళలో శాకాహారులు ఎక్కువే, కాలి గాజైపోయాక మిగిలేది ఖనిజమే అని నాకు తెలిసినా, తమ వంటింట్లోకి ఏది రావాలో నిర్ణయించుకునే హక్కు వాళ్ళది. ప్రతి కప్పుతో పాటు కార్డు మీద "ఈ గ్లేజ్‌లో జంతువుల ఎముకల భస్మం ఉంది" అని రాస్తున్నాను. వద్దనేవాళ్ళ కోసం డీసీపీ బ్యాచ్ వేరే బకెట్‌లో, వేరే జల్లెడతో. డీసీపీ కూడా కొన్నిచోట్ల ఎముకల నుంచే తీస్తారు, కాబట్టి దాణా కొట్లో మూట మీద చదివి, రాతి ఫాస్ఫేట్ నుంచి తీసిందని చూసుకున్నాకే కొన్నాను. ఆ కప్పులకి అడుగున ఆకు గుర్తు గీస్తున్నాను.

మూటలన్నీ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చాను. డబ్బా బయట ఆయిల్ పెయింట్‌తో పేరు, లోపల కవర్‌లో పెట్టిన చీటీ మీద పేరు, తేదీ, 20 గ్రాముల పరీక్షలో ఎంత మిగిలిందో ఆ అంకె. బోన్ మీల్ అత్తయ్య మందార మొక్కలకి వెళ్ళింది.

తర్వాతి ఫైరింగ్ 14న, ఆరు ఆకు గుర్తు కప్పులు, ఒక పెద్ద పులుసు గిన్నె.